ఇరవై లక్షల వంతులు

రెండు వేల నూట ముప్పై ఒకటి, నవంబరు పద్నాలుగు. ఆ రోజు గుమ్మటంలో అందరూ ఒకే పంక్తిన కూర్చుని రాగి సంగటి, ఊరుబిండి తిన్నారు. అరుణగ్రహపు మట్టిలో పండిన మొదటి వేరుశనగతో నూరిన ఊరుబిండి అది. కాస్త చేదు తగిలినా ఎవరూ ఆ మాట పైకి అనలేదు. చేతులు కడుక్కున్నాక లెక్కల మాస్టరు పెంచలయ్య లేచి, ఈ ఊరికి ఇరవై లక్షల వంతులే, ఆ పైన ఇంకొక్కటి కూడా పుట్టదు అని చెప్పి, కొత్త నాణేల లెక్క మొదలుపెట్టే మీట నొక్కాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

పంతొమ్మిదేళ్ళు గడిచినా ఆ పూట మాత్రం ఆయనకు నిన్నటిలా ఉంటుంది.

తక్కువ నీళ్ళతో బతకడం తెలిసినవాళ్ళని ఏరి కడప, అనంతపురం వైపు నుంచి ఇక్కడికి తెచ్చారు. ఆ సీమలో చెరువు నీళ్ళు వంతులవారీగా పారేవి. తూము తెరిచే మనిషిని నీరుగంటి అనేవారు. అందుకే ఇక్కడి నాణేనికి వంతు అని, దాని లెక్క చూసే యంత్రానికి నీరుగంటి అని పేర్లొచ్చాయి. ఒక వంతు ఇస్తే మంచుగని కుళాయి ఒక బిందెడు నీళ్ళు వదులుతుంది. ఆ వంతుతోనే రాగులు కొనుక్కోవచ్చు, చొక్కా కుట్టించుకోవచ్చు.

అంతకుముందు ప్లాస్టిక్ బిళ్ళలుండేవి. వాటిని ఊరి కమిటీ అచ్చువేసేది. గని తవ్వినవాళ్ళకు కూలి ఇవ్వాలి, అచ్చు వెయ్. బడి కప్పు కారుతోంది, అచ్చు వెయ్. ప్రతిసారీ కారణం మంచిదే. కానీ బిళ్ళలు పెరిగినంత మాత్రాన గనిలో మంచు పెరగదు కదా. బిందె ఇచ్చిన బిళ్ళ సగం బిందెకు దిగింది, తర్వాత చెంబుకు దిగింది. పెంచలయ్య భార్య ఇందుమతి బడిలో పాఠాలు చెప్పి, గుండె ఆపరేషను కోసం ఏళ్ళతరబడి బిళ్ళలు దాచింది. కక్ష్యలోని ఆసుపత్రికి పోదామనుకునేనాటికి దాచినవన్నీ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. వాటికి దారిఖర్చు కూడా రాలేదు. కమిటీవాళ్ళు చెడ్డవాళ్ళు కారండీ, చేతికి అందితే ఎవరు మాత్రం ఆగుతారు అని ఆమె భర్తను సముదాయించేది. ఆ ఏడే పోయింది.

అప్పుడాయన, లెక్కల మాస్టరు కాబట్టి, మంచివాళ్ళ చేతికి కూడా అందని చోటొకటి వెతికాడు. ఇంటింటికీ ఒక నీరుగంటి పెట్టె అమర్చాడు. అన్ని పెట్టెల్లోనూ ఒకే ఉమ్మడి లెక్క ఉంటుంది. పాతకాలంలో దాన్నే బ్లాక్‌చైన్ అనేవారు. ఎవరైనా ఒక్క వంతు అదనంగా రాసుకుంటే మిగతా పెట్టెలు దాన్ని కొట్టిపారేస్తాయి. లెక్కను కాపలా కాసిన ఇళ్ళకు కొత్త వంతులు దక్కేవి, ఏటేటా తగ్గుతూ. ఆఖరిది నిరుడు రాలింది. హద్దు మార్చాలంటే సగానికి పైగా పెట్టెలు ఔననాలి. ఆ ఒక్క కిటికీ మాత్రం వదిలాడు.

ఆయన లెక్కకు రానిది ఒకటుంది. ఇక పెరగని వస్తువు రేపు ఇంకా ప్రియమవుతుంది. రేపు ప్రియమయ్యేదాన్ని ఇవాళ ఎవరు ఖర్చుపెడతారు? దర్జీకి పని తగ్గింది. చేబదులు అన్న మాట పిల్లలకు తెలియకుండా పోయింది. ఎవరైనా తమ ఖాతా తెరిచే రహస్య సంకేతం చెప్పకుండా కన్నుమూస్తే వాళ్ళ వంతులు మూతపడ్డ బావిలో నీళ్ళయ్యేవి. జనం అయ్యో అనేవారు. తమవాటి విలువ కాస్త పెరిగిందని లోపల సంతోషించేవారు.

అలాంటి సమయంలో దక్షిణ గుమ్మటం బీటలు వారింది. అక్కడి కుటుంబాలు బండ్ల మీద వచ్చి గేటు దగ్గరి గిడ్డంగిలో దిగాయి. గనిలో మంచుకు కొదవ లేదు, కొత్త పొర కూడా బయటపడింది. కానీ కుళాయి వంతు అడుగుతుంది. వంతులు అందుకోవడానికి వాళ్ళకొక చిన్న పెట్టె ఇచ్చారు గానీ అది ఖాళీ. మొదటి రెండు మూడు రోజులు గిడ్డంగి గుమ్మంలో నీళ్ళ బిందెలు కనిపించాయి. ఒకదాంట్లో ఎవరో ఏలక్కాయ కూడా నలిపి వేశారు. తర్వాత బిందెలు పలచబడ్డాయి. వాళ్ళ పెద్ద సిద్ధమ్మ గొట్టాలు అతికే మేస్త్రీ. దానం వద్దు, పని ఇవ్వండని ఇల్లిల్లూ తిరిగింది. వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు అందరూ. ఉత్తర గుమ్మటానికి పోతామని చివరికి ఆమె చెప్పేసింది. అంత దూరానికి వాళ్ళ సిలిండర్లలో గాలి చాలీచాలదని గని ఇంజనీరు షమీమ్ లెక్కవేసి పెంచలయ్యకు చూపించింది.

ఆయన సభ పెట్టించాడు. హద్దును ఒక్కసారి, ఒక్క యాభై వేలు పెంచుదాం, మన బిందెలో గుక్కెడు తగ్గుతుంది, అంతే అని బతిమాలాడు. అందరూ తలలూపారు. సభ పెద్ద చెన్నప్ప కండువాతో కళ్ళొత్తుకున్నాడు. సాయంత్రానికల్లా పెట్టెల్లో ఒప్పుదల నొక్కమని చెప్పి ఇళ్ళకు పంపారు.

పొద్దు వాలేవేళకు పెంచలయ్య, షమీమ్ లెక్కగదిలో కూర్చున్నారు.

"ఒప్పుదల రాలేదు," అంది నీరుగంటి.

"ఎక్కడైనా పొరపాటు జరిగిందేమో చూడు," అన్నాడు పెంచలయ్య.

"జరగలేదు. అన్ని పెట్టెలూ జవాబిచ్చాయి. ఔనన్నవి మూడు."

షమీమ్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "సభలో తలకాయలూపినోళ్ళంతా యాడికి పోయినారు సార్? ఆ చెన్నప్ప ఏడ్చినాడు గదా, ఆ తడి కండువాతోనే నొక్కినాడా లేదని?"

పెంచలయ్య యంత్రం వైపే చూస్తున్నాడు. హద్దు దాటకుండా వాళ్ళకు నీళ్ళందే దారి ఏదైనా ఉందా అని అడిగాడు. అడుగుతున్నప్పుడు కూడా ఆయన మనసు ఏదో సమీకరణాన్నే వెతుకుతోంది.

"ఉంది," అంది నీరుగంటి. "మీరు హద్దు పెట్టింది పుట్టే వంతులకు. ఇచ్చే వంతులకు పెట్టలేదు. వాళ్ళ పేరుకు ఎవరైనా ఎప్పుడైనా బదిలీ చేయవచ్చు. ఇప్పటిదాకా చేసింది షమీమ్ ఒక్కరే."

ఆయన తిరిగి చూశాడు. ఆ అమ్మాయి తల దించుకుంది. "పసిబిడ్డ తల్లి ఒకామె ఉంటే ఇంటికి పిల్చుకోనొచ్చి, ఆమె పేరుకు కొన్ని వంతులు ఏసినా సార్. ఊరకుండలేక."

తన ఖాతాలో ఎన్ని ఉన్నాయని ఆయన అడిగాడు. తెలియక కాదు. మొదటి ఏళ్ళలో లెక్క కాపలా కాసింది ఎక్కువగా ఆయన పెట్టే. వాటిని ఇందుమతి గుర్తుగా కదపకుండా ఉంచాడు, జబ్బుపడ్డ మనిషి కోసం దాచినట్టే.

"అరవై వేలు. మీరు సభలో అడిగినదానికన్నా ఎక్కువ. ఈ లెక్క ఊరందరికీ కనిపిస్తుంది. ఒప్పుదలకు ముందు చాలామంది మీ ఖాతా తెరిచి చూశారు."

షమీమ్ ఆ మాట విననట్టు కిటికీ వైపు తిరిగింది. ఆ మర్యాద ఆయనకు అర్థమైంది. కమిటీ చేతుల్ని కట్టేయడానికి ఎంత శ్రమపడ్డాడు. తన చేయి పిడికిలై పంతొమ్మిదేళ్ళుగా బిగిసే ఉందని మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. కొత్తవి పుట్టిద్దాం అన్నప్పుడు, తనవి తీయక్కర్లేకుండా పుట్టిద్దామనే కదా తను అన్నది.

"అన్నీ సిద్ధమ్మ పేరుకు పంపించు," అన్నాడు.

"పంపాను. అందుకునే సిద్ధమ్మ పెట్టె దగ్గరలో లేదు."

ఇద్దరూ గేటు దాకా ఆగకుండా నడిచారు. గిడ్డంగి ఖాళీగా ఉంది. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది, ఊళ్ళోవాళ్ళ బిందెలు కడిగి గోడవారగా బోర్లించి ఉన్నాయి. గేటు కాపలాదారు ఓబులేసు లేచి నిలబడ్డాడు.

"ఎల్లిపోయినారు సార్. పెట్టెలో ఒప్పుదల లేదని కనపడినాంక ఇంగ ఒక్క గడియ కూడా ఉండల్యా."

రేడియోలో పిలవమని షమీమ్ అడిగింది. ఇందాకటి నుంచీ పిలుస్తూనే ఉన్నానని, బయట దుమ్ము లేచి మాట దాటడం లేదని అతను చెప్పాడు. సిద్ధమ్మ ఏమైనా అనిందా అని పెంచలయ్య అడిగాడు.

"ఈ ఊరిని తిట్టొద్దని పిల్లోళ్ళకు చెప్పింది సార్. బిందెలు పెట్టిన ఇండ్లు గూడా ఉండాయి అనింది."

ముగ్గురూ అద్దంలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఎర్రటి దుమ్ములో బండ్ల చక్రాల జాడలు కూడా లేవు. షమీమ్, తన ఇంట్లో ఉంచుకున్న ఆ పసిబిడ్డకు పాలవేళైందని, తల్లి ఒక్కతే ఉంటుందని చెప్పి వెళ్ళింది. వెళ్ళేముందు ఆయన భుజమ్మీద ఒకసారి చెయ్యి వేసింది.

పెంచలయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. ఓబులేసు ఆయన్ని పొమ్మనలేదు. చీకటి పూర్తిగా పడ్డాక బయటి దీపాన్ని పెద్దది చేసి, ఇంకా కాసేపు చూసి, చప్పుడు కాకుండా రాత్రికి గేటు మూశాడు.