పరాయి గొంతు

"నాకు టికెట్టు కొనేయరా భార్గవా! ఈ మూగనోము కొంపలో నేనుండలేను!"

ఫోన్‌లో కొడుకు మీద విరుచుకుపడింది కౌసల్య. భర్త పోయాక ఏలూరు నుంచి ఆస్ట్రేలియాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ వచ్చిన ఆమెకు, పగలంతా తోడు జపాన్ కోడలు హరుక ఒక్కతే. వచ్చీరాని తెలుగులోనైనా కబుర్లు చెప్పే ఆ పిల్ల కొన్నాళ్లుగా పెదవి విప్పడం లేదు! ఆవకాయన్నం కలిపి పెడితే, దణ్ణం పెట్టి కంచం పక్కకు జరిపేసింది. అత్తంటే అంత అలుసా! ఇంత పెద్ద ఇంట్లో పలకరించే దిక్కులేక కౌసల్య గోడలతో మాట్లాడుకుంటోంది. ఈ పొద్దున ఇక ఓర్చుకోలేక, "నేనేం పాపం చేశానే? నన్ను చూస్తే అంత అసహ్యమా?" అని నిలదీసింది. హరుక బావురుమంది. "కాదు అత్తయ్యా... కాదు... సారీ!" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

అంతా విని భార్గవ్ నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మా... తప్పు నాది. నీకు చెప్పమంది, ఆఫీస్ టెన్షన్‌లో మర్చిపోయాను. టోక్యోలో తను కార్టూన్లకి గొంతు ఇచ్చేది కదా... కెంటా అనే పిల్లాడి వాయిస్ ఏళ్ల తరబడి తనదే. నా కోసం వదిలేసి వచ్చింది. ఇప్పుడు ఆ కార్టూన్ మళ్లీ స్టార్ట్ చేస్తున్నారు. ఈ రాత్రికల్లా రికార్డింగ్ పంపాలి. ఇంకో కొత్తమ్మాయిది కూడా వింటున్నారట. అందుకే గొంతుకి రెస్ట్... మాటలొద్దు, కారం వద్దు..."

"నీ మతిమరుపు మండ! నాచేత ఎంత పని చేయించావురా!"

కౌసల్య పరుగున వెళ్లి మిరియాల పాలు కాచి తెచ్చింది. హరుక అవి తాగి, శబ్దం మార్మోగకుండా బట్టల అల్మారాలో దూరి, చీరల మధ్య మైకు పెట్టుకుంది. బయట నేలమీద కూలబడి ముక్కోటి దేవుళ్లకూ మొక్కుకుంది కౌసల్య. లోపలినుంచి ఒక చిన్న కుర్రాడి నవ్వు! ఇన్నాళ్లూ ఈ పిల్లాణ్ణి లోపల దాచుకుని తిరుగుతోందా తన కోడలు! అంతలో కుర్రాడు గట్టిగా కేక వేశాడు... కేక మధ్యలో గొంతు చీలిపోయింది. మళ్లీ వేశాడు... మళ్లీ చీలింది. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతు మరి!

వాళ్లు కొత్తమ్మాయినే తీసుకున్నారు.

కార్టూన్ మొదలైన రోజు అత్తాకోడళ్లు సోఫాలో కూర్చున్నారు. కెంటా పరిగెత్తుకుంటూ వచ్చి ఏదో అరిచాడు. కౌసల్యకు జపాన్ భాష ఒక్క ముక్క రాదు. అయినా అది పరాయి గొంతని తెలిసిపోయింది.

"కట్టెయ్యవే తల్లీ! నా నోరు పడిపోను... నావల్లే కదా నీకీ గతి!"

హరుక రిమోట్ ఇవ్వలేదు. కన్నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు, తెర మీద నుంచి చూపు తిప్పలేదు. కౌసల్య ఆమె తలను తన భుజానికి చేర్చుకుంది.

"వద్దు అత్తయ్యా... చూద్దాం. ఆ పిల్ల... బాగా చేస్తోంది."