వన్నె లేని గొంతు

“తెరుచుకో,” అంది మునిలక్ష్మి. మసక గాజు తలుపు ఉలకలేదు, పలకలేదు.

“నా మీద దీని అలక ఎప్పటికి తీరుతుందో!” అని విసుక్కుని ఇత్తడి గంగాళం దగ్గరికి వచ్చేసింది. అందులో మంజిష్ఠ వేరు నీళ్ళు మరుగుతున్నాయి. ఆమెది కలంకారీ పని. పటిక నీళ్ళతో గీసిన గీత కంటికి ఆనదు. బట్ట ఉడికాకే ఎర్రగా పైకి తేలుతుంది.

ఏ తలుపైనా భర్త గురవయ్య మాటకే తెరుచుకునేది. పొద్దున అతను తలుపు మూసుకోకుండా రాయి అడ్డం పెట్టి, బట్టలు జాడించడానికి ఏటికి పోయాడు. తడి బట్ట మీద దుమ్ము పడితే మచ్చ పోదని ఆమే ఆ రాయి తీసి తలుపు మూసేసింది. ఇప్పుడు గదిలో ఆమె, ఏడేళ్ళ కూతురు భువన, కట్టెల పొయ్యి.

నగరాల రొదకు జనం పిచ్చెత్తిపోతున్న రోజుల్లో వన్నెబిళ్ళ వచ్చింది. చెవి వెనక అతికించుకునే ఆ బిళ్ళ శనగబద్దంత ఉంటుంది. చెవిలోకి పోయే చప్పుడంతా మింగేసి, దాన్ని కళ్ళముందు రంగుగా చూపిస్తుంది. జనం చూపుతోనే మాటలు వినడం నేర్చుకున్నారు. తలుపులు, లిఫ్టులు, బళ్ళు సైతం గొంతు వన్నెనే గుర్తుపట్టేవి. దీనికంతటికీ మూలం మునిలక్ష్మి బుర్రే. పుట్టుకతోనే ఆమెకు ప్రతి చప్పుడుకూ ఒక రంగు కనిపించేది. బిళ్ళ తయారుచేసినవాళ్ళు లోకంలోని చప్పుళ్ళన్నీ ఆమెకు వినిపించి, ఏది ఏ రంగో అడిగి తెలుసుకున్నారు.

ఆరబెట్టిన బట్ట అంచు పొయ్యిలోకి జారి భగ్గుమంది. మునిలక్ష్మి దాని మీద బిందెడు నీళ్ళు కుమ్మరించింది. మంట చచ్చింది గానీ గదినిండా పొగ కమ్ముకుంది. కిటికీ లేదు. భువన దగ్గుతూ మూలన ముడుచుకుంది.

“చెంగల్రాయుడన్నా! తలుపు తియ్యన్నా!”

గాజు అవతల కాపలా మనిషి చెంగల్రాయుడి వీపు, చెవి వెనక బిళ్ళ మసగ్గా కనిపిస్తున్నాయి, బారెడు దూరంలో. ఆమె గొంతు చించుకుంది, తలుపును పిడికిళ్ళతో కుమ్మింది. దళసరి గాజు ఆ దెబ్బల్ని మింగేసింది. అతను తీరిగ్గా తల గోక్కున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆనాటి ఆఖరి ప్రశ్న. “మీ గొంతుది ఏ రంగమ్మా?”

“నా గొంతుకు నాకేం రంగు సామీ? ఏమీ కనపడదు.”

వాళ్ళు నవ్వి, ఆ గొంతుకు ఏ రంగూ లేదనే బిళ్ళలో ఖాయం చేశారు. బయట మాటలన్నీ గురవయ్యే మాట్లాడతాడు, ఇంట్లో అందరూ బిళ్ళలు తీసేసి మాట్లాడుకుంటారు కాబట్టి ఇన్నేళ్ళూ ఆమెకు తెలిసిరాలేదు. తలుపుకు అలకా లేదు, పాడూ లేదు. ఆమె గొంతు ఊళ్ళో ఎవరికీ కనపడదు, అంతే.

ఇత్తడి మోతకు రంగుంది. గుమ్మడిపువ్వు పసుపు, తనే చెప్పింది. గంగాళం మూత ఎత్తి కలియబెట్టే కర్రతో ఠంగుఠంగున బాదింది. చెంగల్రాయుడు ఎగిరిపడి ఇటు తిరిగాడు. అతను నోరు కదపగానే తలుపు తెరుచుకుంది.

“ఏందక్కా ఈ పొగ! ఒక్క కేక ఎయ్యగూడదా?”

“ఏసినా రాయుడన్నా! ఇంతసేపూ అదే కదా నేను చేసింది!”

అతను ఆమె పెదవుల వంక అయోమయంగా చూశాడు. “ఏమంటాండావక్కా? ఏమీ కనపళ్ళేదే!”

ఆమె భువనను ఎత్తుకుని వరండాలో చతికిలబడింది. బిడ్డ ఒళ్ళు తడిమి చూసుకుంది. భయం తగ్గాక కోపం వచ్చింది.

“నేను అంత అరస్తా ఉంటే నువ్వు నోరు మెదపవేమే? పొగలో నీకేమైనా అయ్యుంటే?”

భువన గొంతు అచ్చం తల్లిదే. చుట్టాలంతా ముచ్చటపడేవాళ్ళు. ఆ పిల్ల తల్లి చెవి దగ్గరికి వచ్చి, ఎవరికీ తెలియని గుట్టేమీ కాదన్నట్టు మామూలుగా చెప్పింది.

“బయట నేను పిలిస్తే ఎవురూ చూడరు గదమ్మా. బళ్ళో చేరిన కాడి నుంచీ అంతే. అందుకే మానేసినా.”

మునిలక్ష్మి చేతిలో ఆ కర్ర ఇంకా అలాగే ఉంది.