కనకాంబరాల కింద ఎర్తింగు

పృథ్వీ తన మొదటి గేమింగ్ పీసీకి కావలసిన సామాన్ల లిస్టు రాసుకోవడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. ఉండేది అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ పక్కనున్న గరాచర్మలో. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా ఉద్యోగం. ఏ వస్తువు ఆర్డరు పెట్టబోయినా ఈ పిన్‌కోడ్‌కు పంపలేమనే జవాబు. అందుకని ఒక్కోటీ ఒక్కో దారిన తెప్పించాడు. ప్రాసెసరు చెన్నై నుంచి విమానంలో వచ్చిన స్నేహితుడి చేతిసంచీలో దిగింది. గ్రాఫిక్స్ కార్డు పెళ్ళికెళ్ళొచ్చిన పక్కింటివాళ్ళ పెట్టెలో చీరల మధ్య వచ్చింది. అద్దం తలుపున్న కేబినెట్టేమో దుప్పట్లు చుట్టుకుని, నాలుగు రోజులు సముద్రం మీద ఊగి వచ్చింది.

అన్నీ చేరేసరికి తల్లి నూకరత్నం ఇంట్లో లేదు. తన తమ్ముడి కూతురి పెళ్ళికని వైజాగ్ ఓడెక్కింది. వెళ్తూ ఒక్కటే చెప్పింది.

"కనకాంబరాలకి నీళ్ళు పొయ్యడం మర్సిపోకు నాన్నా."

ఇంటి వెనక గోడవార చిన్న కనకాంబరం మడి ఉంది. పృథ్వీ కంటే ముందు ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. పందొమ్మిదో రోజున పోయింది. పేరైనా పెట్టలేదు. తండ్రి గవరయ్య ఆ పసికందును తెల్లగుడ్డలో చుట్టి అక్కడే పెట్టాడు. ఇప్పుడు ఆయనా లేడు. నూకరత్నం మాత్రం ఇరవై ఏడేళ్ళుగా రోజూ బియ్యం కడిగిన నీళ్ళు ఆ మడిలోనే పోస్తుంది. ఆ పూలు ఎన్నడూ కోయలేదు. చిన్నప్పుడు బంతి అటు పడితే పృథ్వీని పోనిచ్చేది కాదు. "అక్క పడుకుందిరా, తొక్కకు," అని తానే వెళ్ళి తెచ్చేది.

పృథ్వీ రెండు సాయంత్రాలు కూర్చుని పీసీ బిగించాడు. ఊపిరి బిగబట్టి ప్రాసెసరును దాని గూట్లో పెట్టాడు. దాని మీద బఠాణీ గింజంత పేస్టు వేశాడు. ఒక్కో వైరూ వీడియో చూసుకుంటూ తగిలించాడు. బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, లోపల నీలం లైట్లు వెలిగాయి, తెర మీద అక్షరాలు పడ్డాయి. ఒక్కడే ఉన్నా చప్పట్లు కొట్టుకున్నాడు. మురిపెంగా కేబినెట్టు మీద చెయ్యి వేశాడు.

జివ్వుమంది. మోచేతిదాకా చీమలు పాకినట్టయింది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ పోలిరాజు వచ్చి టెస్టరు పెట్టి చూశాడు.

"అరే తమ్ముడూ, నీ ఇంట్లో ఎర్తింగే లేదు. ప్లగ్గులో మూడో పిన్ను ఉత్తుత్తిదే. ఇలాగే వాడితే సామానంతా ఖరాబ్ అయిపోద్ది, నీకూ ఖతర్నాక్. గొయ్యి తీసి రాడ్డు దించాల."

ముందువైపంతా సిమెంటు. వెనక ఎక్కడ గునపం వేసినా అడుగులోపే రాయి తగిలింది. పోలిరాజు చుట్టూ తిరిగి మడి దగ్గర ఆగాడు. కాలి బొటనవేలితో మట్టిని నొక్కి చూశాడు.

"ఇదుగో, మెత్తగా ఉంది. తేమ కూడా బాగుంది. ఇంతకన్నా బెస్టు జాగా దొరకదు. దించనా?"

పృథ్వీ నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. ఇక్కడొద్దన్నా అంటే ఆయన ఎందుకని కూడా అడగడు. లోపల బల్ల మీద అద్దం పెట్టె తళతళలాడుతోంది. రెండేళ్ళ ఎదురుచూపు.

"దించు," అన్నాడు.

మొక్కల్ని వేళ్ళతో సహా పక్కకు తీశారు. మూడడుగుల గొయ్యిలో రాడ్డు నిలబెట్టి పోలిరాజు సుత్తితో కొట్టాడు. కొంతసేపు గట్టిగానే దిగింది. తర్వాత ఒక దెబ్బకు జానెడు... సులువుగా... పండులోకి దిగినట్టు దిగిపోయింది. పోలిరాజు సుత్తి ఆపాడు.

"కింద ఏటన్నా ఉందా తమ్ముడూ?"

"ఏం లేదు."

ఆయన ఉప్పూ బొగ్గూ పోసి, రాడ్డుకు వైరు బిగించి, ఆ వైరును కిటికీ గుండా ప్లగ్గుదాకా లాగాడు. పృథ్వీ మొక్కల్ని మళ్ళీ నాటాడు. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు.

కేబినెట్టు ఇక షాకు కొట్టలేదు.

సాయంత్రం ఐదున్నరకే చీకటి పడింది. వాన మొదలైంది. పృథ్వీ ఆట పెట్టుకుని అరగంట అయిందో లేదో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. రేకుల మీద వాన చప్పుడు, ఎక్కడో కప్పలు. స్విచ్చి కట్టేసి, మొబైల్ లైటు వెలుగులో అన్నం తిని వచ్చాడు. చీకట్లో కుర్చీ వెతుక్కుంటూ కేబినెట్టు మీద చెయ్యి ఆనించాడు.

వెచ్చగా ఉంది.

ఇందాకటిదాకా నడిచింది కదా అనుకున్నాడు. ఇంకో గంట గడిచింది. మళ్ళీ ముట్టుకున్నాడు. అదే వెచ్చదనం. మిషన్ వేడి కాదది. ఒంటి వేడి. అరచేతి కింద ఇనుప రేకు మెల్లగా పైకి లేచింది... కిందికి దిగింది... మళ్ళీ లేచింది. నిద్రపోతున్న పసిపాప పొట్టలా.

చెయ్యి లాక్కున్నాడు. గదిలో ఏదో వాసన. వాము, వెల్లుల్లి, సాంబ్రాణి పొగ, విరిగిన పాలు. పురిటిగది వాసన. అప్పుడు వినబడింది, అద్దం వెనక నుంచి. చప్... చప్... చప్... చిన్న నోరేదో గుక్కలు వేస్తున్న చప్పుడు.

మొబైల్ లైటు అటు తిప్పడానికి ధైర్యం చాలలేదు. గోడ తడుముకుంటూ వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

చప్పుడు ఆగింది.

ఒక్క క్షణం... రెండు...

వెనక పెరట్లోంచి ఏడుపు మొదలైంది. సన్నగా, ఆగి ఆగి, గొంతు ఇంకా విచ్చుకోని పసికందు ఏడుపు. వానలో, మడి దగ్గర. అంతకంతకూ పెరిగి గుక్కపట్టింది. ఊపిరి అందక ఆగిపోతుందేమోనన్నంతగా.

"వద్దు... ఏడవకు... ఏడవకు..." పృథ్వీ తడుముకుని ప్లగ్గు మళ్ళీ గుచ్చాడు.

ఏడుపు ఆగింది. అద్దం వెనక... చప్... చప్...

అలాగే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దించు అన్న తన మాటే చెవుల్లో తిరిగింది.

ఆ తర్వాత అతను ఆట ఆడలేదు. ప్లగ్గు తీసే ధైర్యమూ లేదు. వరండాలో చాప వేసుకుని తొమ్మిది రోజులు పడుకున్నాడు.

నూకరత్నం ఓడ దిగి వచ్చింది. సంచీ భుజాన ఉండగానే గుమ్మంలో ఆగిపోయి, గాలి పీల్చింది.

"ఇంట్లోకి బాలింతరాలెవరైనా వచ్చినారేటిరా?"

పృథ్వీ చెప్పేశాడు. గొయ్యి, రాడ్డు, పోలిరాజు అడిగిన ప్రశ్న, తానన్న మాట... ఒక్కటీ దాచలేదు. చెంప మీద కొడుతుందని నిలబడ్డాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె కొట్టలేదు. లోపలికి వెళ్ళి కేబినెట్టు పక్కన కూలబడి, మీద అరచెయ్యి పెట్టింది.

"అమ్మా, తప్పయిపోయింది. తీసెయ్యమంటావా?"

"ష్..." ఆమె గుసగుసగా అంది. "ఇప్పుడే నిద్దరోయింది."

ఆ రోజు నుంచి ఆమె ఆ గది వదల్లేదు. తలుపు దగ్గర పెట్టిన పళ్ళెంలో సగం అన్నం అలాగే మిగిలేది. లోపల్నుంచి జోకొట్టే చప్పుడు వినబడేది. రెండు వారాల్లో బుగ్గలు లోపలికి పోయాయి, మెడ ఎముకలు తేలాయి. ఆమె ముఖంలో ఇంత సంతోషం పృథ్వీ పుట్టాక ఎన్నడూ చూడలేదు. అది చూసినప్పుడల్లా తల దించుకునేవాడు. రాడ్డు తీసేస్తే అమ్మ బతకదు. ఉంచినా బతికేలా లేదు. రెండూ తన చేతి పనే.

ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టాడు.

"అమ్మా, పోలిరాజన్నని పిలుచుకొస్తున్నాను. రాడ్డు పీకించేస్తాను. ఇలా అయితే నువ్వు దక్కవు."

తలుపు సగం తెరుచుకుంది. నూకరత్నం వెలుగుకు కళ్ళు చికిలించింది. యాభై మూడేళ్ళ ఆ మనిషి రవిక ముందుభాగమంతా తడిసి ఉంది. పృథ్వీ చూపు పడేసరికి సిగ్గుపడుతూ పైట లాక్కుంది. పాల వాసన గుప్పుమంది.

"ఎవుర్నీ తేకురా," అంది మెల్లగా. "బజారుకెళ్తే వెల్లుల్లి పట్రా. పాలు సాలడం లేదు."

ఆమె తలుపు వేస్తూ, లోపలికి ఒకసారి తిరిగి చూసుకుని, అలసటగా నవ్వింది.

"ఒకళ్ళకైతే సరిపోయేవి. ఇద్దరున్నారు కదా."

గడియ పడింది. పృథ్వీ ఆ గుమ్మం ముందే నిలబడిపోయాడు. అతనికి తెలిసినంతలో, ఆ మడి కింద పడుకున్నది అక్క ఒక్కతే.