ఏడు దగ్గర తేలు

పగడాల దిబ్బ కాపలాదారు తన పడవలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. ఒళ్ళో టీ ఫ్లాస్కు. కుడి చేతిలో తెల్లని ప్లాస్టిక్ పలక.

ఉదయం ఎనిమిదిన్నరకు మార్చురీలో డాక్టర్ గ్లవ్స్ విప్పుతూ పెదవి విరిచాడు. "విషమే. కానీ ఒళ్ళంతా భూతద్దం పెట్టి వెతికాను. కాటు గుర్తు ఎక్కడా లేదు."

"కాటు కోసం ఎందుకు వెతికారు?" అన్నాడు పిల్లి.

డాక్టర్ పలకను ముందుకు తోశాడు. దాని మీద నల్ల పెన్సిల్ రాత: 11. ఏడు దగ్గర తేలు.

ఏజెంటుకు డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కోడ్ నేమ్ చిరుత. తొమ్మిదేళ్ళ వయసులో కాలువలో మునిగి బయటపడ్డ దగ్గర్నుంచి అతనికి నీళ్ళంటే ప్రాణభయమని తెలిశాక, సహోద్యోగులు ఆ చిరుతను పిల్లిని చేశారు. పేరు అలాగే స్థిరపడిపోయింది.

"తేలంటే పురుగు కాదు," అన్నాడు చీఫ్ తలుపు మూసి. "మనిషి. ఫారిన్ ముఠా పంపిన హంతకుడు. ఇవాళ పదకొండుకు దిబ్బ మీద సర్వే మొదలవుతుంది. ప్రాణమున్న పగడం మూడో వంతు కంటే తగ్గిందని తేలితే రక్షణ చట్టం వర్తించదు. దిబ్బను తవ్వి ఓడలకు దారి చేసుకోవచ్చు. ముఠా వెనకున్న కంపెనీకి కావలసింది అదే. పోయిన వేసవి వేడికే సగం దిబ్బ తెల్లబడిపోయింది. ఇంకొక్క దెబ్బ పడితే చాలు."

"సర్వే టీమ్ లీడర్ మా చెల్లెలు సార్."

"తెలుసు. ఆమెను ఆపితే ముఠా తప్పుకుని ఇంకో రోజు వస్తుంది. వెళ్ళి నెమలిని కలువు. ఇది పెట్టుకో." చీఫ్ ఒక వాచీ అందించాడు. "వంద మీటర్ల లోతులో కూడా పనిచేస్తుంది."

"మరి నేను?"

"నీకు గ్యారంటీ కార్డు ఇవ్వలేదు."

నెమలి రెండు వైపులా పనిచేసే మనిషి. హోటల్ మూడో అంతస్తులో ఉంటుంది. పిల్లి తలుపు తట్టి, "ఇక్కడ గొడుగులు అమ్ముతారా?" అన్నాడు.

"వాన వెలిశాక రండి," అని లోపలి నుంచి సమాధానం. తలుపు తెరుచుకుంది.

ఆకుపచ్చ పట్టు గౌను. తడి జుట్టు. అప్పుడే స్నానం చేసిందనుకున్నాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళకు ముదురు రంగు వేసుకుంటోంది. తొమ్మిది పూర్తయ్యాయి.

"తేలు ఎక్కడ?"

"పదకొండుకు, జెట్టీ పక్కన ఏడో నంబర్ గోడౌన్‌కి వస్తాడు. నలభై కిలోల సైనైడ్ బిళ్ళలు తెస్తాడు. ఒంటరిగా వెళ్ళు. గుంపును చూస్తే జారుకుంటాడు."

అంతకు ముందు ఆమె చెప్పిన మూడు కబుర్లూ నిజమే అయ్యాయి. పిల్లి లేచాడు. ఆమె టైమ్ చూసి రంగు సీసాకు మూత పెట్టేసింది.

"ఇంకో వేలు మిగిలింది," అన్నాడు.

"ఎవరు చూస్తారులే," అని నవ్వింది.

ఏడో నంబర్ గోడౌన్లో పాత తాళ్ళు, తుప్పు వాసన. ఎవరూ లేరు. పదీ ఇరవై. తలుపు సందులోంచి జెట్టీ కనిపిస్తోంది. చెల్లెలు సర్వే పడవలోకి ఎయిర్ సిలిండర్లు ఎక్కిస్తోంది. కాళ్ళు వద్దంటున్నా పిల్లి జెట్టీ చెక్కల మీదకు నడిచాడు. చెక్కల సందుల్లో కింద నీళ్ళు కదులుతుంటే చూపు మొత్తం చెల్లెలి మీదే నిలిపాడు.

"ఇవాళ దిగకపోతే ఏమే?"

"రాత్రి పీడకల వచ్చిందా అన్నయ్యా?" ఆమె మొహంలో నవ్వు ఆగింది. "కాపలా మామయ్య పోయాడని నాకూ భయంగానే ఉంది. కానీ ఇవాళ లెక్కపెట్టకపోతే గడువు దాటుతుంది. పన్నెండేళ్ళుగా దాన్ని కాపాడుతున్నాం. లంగర్లు వేసి విరగ్గొడుతున్నారని పడవలు కట్టుకోవడానికి ఏడు బోయాలు తేలగట్టించాం. పగడాన్ని తినేసే ముళ్ళ నక్షత్ర చేపలను ఒక్కొక్కటీ ఏరేశాం. ఇప్పుడు ఇంట్లో కూర్చోనా?"

"జాగ్రత్తే."

"నువ్వు బకెట్ స్నానానికి జాగ్రత్తగా వెళ్ళు చాలు."

ఇంజన్ స్టార్టయింది. పడవ జెట్టీని వదిలింది. అతని మొహంలో ఏం కనిపించిందో, ఆమె నడుముకు కట్టుకున్న పలక తీసి ఏదో రాసి, రెండు చేతులతో పైకెత్తి చూపించింది. తెల్లని ప్లాస్టిక్. నల్ల పెన్సిల్.

భయపడకు. తేలు.

పిల్లి ఆ రెండు మాటలూ మళ్ళీ చదివాడు. అది డైవర్ల పలక. నీళ్ళలో మాట వినపడదు కాబట్టి ఒకరికొకరు రాసి చూపించుకుంటారు. కాలికి తొడిగిన ఫిన్ తగిలితే పగడం విరుగుతుందని, మునగకుండా కాళ్ళాడించకుండా ఒకేచోట ఉండమనడానికి చెల్లెలు తన శిష్యులకు రాసేది ఈ మాటే. కాపలాదారుకు నీళ్ళలో దొరికింది హంతకుడి పేరు కాదు. ఒక డైవర్ ఇంకో డైవర్‌కిచ్చిన ఆర్డర్.

ఏడు అంటే గోడౌన్ కాదు. ఏడో బోయా.

అరిచాడు. ఇంజన్ మోతలో మాట కలిసిపోయింది. ఫోన్ చేస్తే ఆమె ఫోన్ జెట్టీ మీద సంచిలోనే మోగింది.

బోయాలకు గ్రీజు పూసే ముసలి సరంగు పక్కనే బరువులెత్తే వించ్ ఉన్న చిన్న పడవ కడుగుతున్నాడు.

"తాతా, ఏడో బోయా దగ్గర ఏదైనా వదిలితే ఎక్కడికి పోతుంది?"

"ఇప్పుడైతే సముద్రంలోకి పోతుంది బాబూ. పదకొండు దాటాక పోటు తిరుగుతుంది. అప్పుడు తిన్నగా దిబ్బ మీదకే."

చెల్లెలు సరిగ్గా ఆ దిబ్బ మీదే ఉంటుంది.

సరంగు పడవ ఎగిరెగిరి పడుతుంటే పిల్లి రెండు చేతులా అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి పదకొండూ రెండు. దూరంగా సర్వే పడవ ఖాళీగా ఊగుతోంది. అందరూ నీళ్ళలో ఉన్నారు. ఇక్కడ ఏడో బోయా నిటారుగా నిలబడింది. దాని గొలుసుకు పట్టిన నాచు ఏ పక్కకూ వాలడం లేదు.

"నీళ్ళు ఆగాయి," అన్నాడు సరంగు. "తిరగడానికి ఎంతో సేపు పట్టదు. కింద బుడగలొస్తున్నాయి చూడు."

"నువ్వు దిగగలవా తాతా?"

"మోకాలి ఆపరేషనైంది. వించ్ మాత్రం తిప్పగలను."

పిల్లి లైఫ్ జాకెట్ విప్పాడు. బకిల్ మూడుసార్లు జారింది. సరంగు ఇచ్చిన ఈత కళ్ళద్దాలు తగిలించుకుని, ఒక చేత్తో వించ్ కొక్కెం, ఇంకో చేత్తో బోయా గొలుసు పట్టుకుని, దిగాడు.

చెవుల్లో హోరు. తొమ్మిదేళ్ళ వయసునాటి కాలువ మళ్ళీ మీదపడింది. ఒక్కో లంకె పట్టుకుని కిందికి పాకాడు. నాలుగు మీటర్ల లోతులో తాడుతో కట్టిన నీలం డ్రమ్ము. పక్కన నిశ్చలంగా తేలుతూ ఒక డైవర్, డ్రమ్ము మూత రెండో క్లిప్పు మీద చెయ్యి. మొదటిది ఊడే ఉంది.

ఆ చేతికి నాలుగు గోళ్ళకు రంగుంది. ఒకదానికి లేదు.

కొక్కెం డ్రమ్ము కడియానికి తగిలించాడు. నెమలి తిరిగింది. ఆమె చేతిలో కత్తి మెరిసింది. అప్పుడే అతనికి ఊపిరి అయిపోయింది. ఆ తరవాత జరిగింది ట్రైనింగ్ కాదు. మునిగేవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. ఎదురుగా ఉన్న మనిషిని వాటేసుకున్నాడు. మునిగేవాడి పట్టు విడిపించడం ఎవరి తరమూ కాదు. ఆమె మాస్కు ఊడింది, గాలి గొట్టం జారింది, ఆమె కత్తి వదిలేసి పైకి కొట్టుకుంటూ పోయింది. పిల్లి ఆ కత్తిని అందుకుని డ్రమ్ము తాడు కోసి, పైకి ఎత్తమన్నట్టు వించ్ వైరు రెండుసార్లు లాగాడు. నీలం డ్రమ్ము పైకి లేచింది. గొలుసు నాచు మెల్లగా దిబ్బ వైపు వాలింది.

అతను ఎలా పైకొచ్చాడో తెలియదు. చేతులు కొట్టుకుంటుంటే నోట్లోకి నీళ్ళు పోతున్నాయి. భయపడకు. తేలు. కొట్టుకోవడం ఆపి వెల్లకిలా పడుకున్నాడు. ముందు ఆకాశం కనిపించింది. తరవాత సరంగు గెడ కొక్కేనికి గౌరవంగా వేలాడుతున్న నెమలి.

డెక్కు మీద ఢామ్మని చప్పుడైంది. డ్రమ్ము పడి రెండో క్లిప్పు ఊడింది. తెల్లని బిళ్ళలు ఎండకు ఆరిన చెక్కల మీద దొర్లాయి.

"అయ్యో, అంతా పాడైంది," అంటూ సరంగు అలవాటు కొద్దీ బకెట్ అందుకున్నాడు.

"తాతా," అన్నాడు పిల్లి నీళ్ళలోంచి, ఉన్న గొంతంతా కూడదీసుకుని. "తడిస్తే విషవాయువు లేస్తుంది. ఒక్క చుక్క పడినా ముగ్గురం ఉండం."

సరంగు బకెట్ చాలా మెల్లగా కింద పెట్టాడు.

ఒంటిగంటకు చెల్లెలు తడి జుట్టుతో జెట్టీ మీదకొచ్చింది. ప్రాణమున్న పగడం నూటికి ముప్పైనాలుగు. ఒక్క మెతుకంత మిగులు. దుప్పటి కప్పుకుని వణుకుతున్న అన్నయ్యను చూసి ఆమె ఏడ్చింది. తరవాత, స్నానం అయిందా అని అడిగింది.

వాచీ పనిచేస్తూనే ఉంది. ఫోన్లో చీఫ్.

"టీ ఫ్లాస్కులో విషం కలిపింది తనేనని నెమలి ఒప్పుకుంది. ఇంతకీ ఆ తేలు సంగతి రిపోర్టులో రాయాలి. దర్యాప్తులో చివరికి ఏం తేలింది?"

పిల్లి ముక్కులోంచి కారుతున్న ఉప్పునీళ్ళు తుడుచుకున్నాడు.

"నేనే, సార్."