నీలం బొమ్మలో అద్దం

ఏలూరు పవర్‌పేటలో మందుల షాపు మీదున్న ఆ గదికి వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది పెళ్లి సంబంధాల ఆరా కోసమే వస్తారు. మంగళవారం పొద్దున్నే మెట్లెక్కి వచ్చిన అమ్మాయి మాత్రం కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సాయంత్రానికి నన్ను పోలీసులకి అప్పజెప్తారంటండీ," అంది. "మా నాన్నగారు ఆ కంపెనీలోనే మగ్గం మీద జీవితమంతా గడిపేరు. కూతురు కంపెనీని ముంచిందని ఆయన వినకూడదండి."

డిటెక్టివ్ ఎలిజబెత్ గారు కళ్లజోడు తీశారు. ఆవిడ కళ్లజోడు తీశారంటే కేసు ఒప్పుకున్నట్టేనని అసిస్టెంట్ నెహెమ్యాకి తెలుసు. ఆవిడ అపరాధ పరిశోధన చేస్తుంటే పక్కన నిలబడటం కోసమే అతను చేపల ఎగుమతి కంపెనీలో మంచి ఉద్యోగం వదులుకున్నాడు. ఈ సంగతి వాళ్లావిడకి ఇప్పటికీ మింగుడు పడలేదు.

అమ్మాయి పేరు సమ్రీన్. పట్టాభిరామయ్య గారి తివాచీల కంపెనీలో డిజైన్లు గీస్తుంది. గీసేది ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే కోడ్ అంతా అందరికీ బాహాటంగా ఉండేదానిలో.

"పూర్తయిన వెర్షన్ అందరూ వాడతారండి. ఇంకా తయారీలో ఉన్నది కూడా బయటే ఉంటుంది. ఆ కోడ్ తెచ్చుకుని మన కంప్యూటర్లో మనమే ఎప్పటికప్పుడు బిల్డ్ చేసుకోవాలి, అంటే దాన్ని నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చుకోవాలి. నడుస్తూ నడుస్తూ ఎప్పుడు బిగుసుకుపోతుందో చెప్పలేం. కానీ అద్దం బటన్ దాంట్లోనే ఉందండి. తివాచీ ఒక మూల గీస్తే మిగతా మూడు మూలలూ అవే వచ్చేస్తాయి."

"రెండూ ఒకే కంప్యూటర్లో కలిసిపోవా?" అని అడిగారు ఎలిజబెత్ గారు.

"కలవకుండా కొత్తదాన్ని వేరే ఫోల్డర్లో పెట్టేనండి. తెర మీద పాతదానికి నీలం బొమ్మ. కొత్తదాని బొమ్మకి నేనే ఎర్రరంగు వేసేను, ఎవరూ పొరపాటున నొక్కకుండా."

సోమవారం పొద్దున్న నీలం దాంట్లో ఒక్క డిజైనూ తెరుచుకోలేదు. మేనేజరు చరణ్‌తేజ, యజమాని మేనల్లుడు, పిచ్చి సాఫ్ట్‌వేర్ తెచ్చి కావాలనే అన్నీ నాశనం చేసిందంటూ ఎర్రబొమ్మ ఉన్న కొత్తదాన్ని అప్పటికప్పుడే తీసేశాడు. సమ్రీన్‌ని కంప్యూటర్ ముట్టనివ్వలేదు. కాగితం మీది పాత డిజైన్లు ఎప్పుడో చెదల పాలయ్యాయి. కాపీలకి ఒక డిస్కు కొనమని ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవరూ కొనలేదు.

"ఫైళ్లు పోయాయా, తెరుచుకోవట్లేదా?"

"ఉన్నాయండి. తెరుచుకోవట్లేదు."

"ఆ రెంటికీ చాలా తేడా ఉందమ్మా. నీ లాప్‌టాప్ తీసుకుని పద," అంటూ ఎలిజబెత్ గారు చెప్పులు తొడుక్కున్నారు.

కంపెనీలో మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. పట్టాభిరామయ్య గారు మర్యాదస్తుడే గానీ ఆ రోజు మొహం మాడ్చుకుని ఉన్నారు. కంప్యూటర్ గది తాళాలు చరణ్‌తేజ దగ్గర ఒకటి, డిజైన్ మాస్టారు నెల్సన్ గారి దగ్గర ఒకటి, సమ్రీన్ దగ్గర ఒకటి ఉంటాయి.

"ఆదివారం ఎక్కడున్నారండీ?" అని ఎలిజబెత్ గారు చరణ్‌తేజని అడిగారు.

"పెదపాడులో మా చేపల చెరువు పట్టుబడండి. చీకటి పడేదాకా గట్టు మీదే ఉన్నాను. నన్నడుగుతారేంటండీ? చేసింది ఎదురుగా ఉంటే!"

నెల్సన్ గారు తెల్లజుట్టు మనిషి. ఒకప్పుడు కంపెనీ డిజైన్లన్నీ ఆయన కుంచెతో గళ్లకాగితం మీద వేసినవే. ఇప్పుడు సమ్రీన్ పక్కన కూర్చుని రంగులు చెబుతారు.

"పొద్దున్న చర్చికెళ్లి ఇంటికొచ్చేసేనండి," అన్నారు మెల్లగా. "ఆ ఎర్రది నేను ముట్టనండి. ఫైలు చూడాలంటే నీలందే తెరుస్తాను. అదీ ఏవంత నమ్మకం లెండి, అద్దం నొక్కితే చాలు, బిగుసుకుపోతుంది."

ఎలిజబెత్ గారు తలూపి, వరండా ఊడుస్తున్న పుష్పమ్మ వైపు తిరిగారు.

"ఆదివారం మజ్జానం ఆ గదిలో రైసుమిల్లు మోత మోగిందమ్మా," అంది పుష్పమ్మ. "తలుపు లోపల గడేసుంది. ఏసీ పాడైందేమో అనుకున్నాను."

"బిల్డ్ చేసేటప్పుడు కంప్యూటర్ ఫ్యాన్ అలాగే మోగుతుందండి," అంది సమ్రీన్. "కానీ ఆదివారం నేను తాడేపల్లిగూడెంలో మా పిన్ని కూతురి పెళ్లిలో ఉన్నాను."

ఎలిజబెత్ గారు యజమాని ఎదుట నిలబడ్డారు. "ఈ అమ్మాయి మీ కంప్యూటర్ ముట్టుకోదండి. ఫైళ్లకి కాపీ తీసి ఇప్పించండి. తన లాప్‌టాప్‌లో, మీ అందరి ముందూ, ఆ కొత్త వెర్షన్ మళ్లీ బిల్డ్ చేస్తుంది. అప్పటికీ తెరుచుకోకపోతే పోలీస్ స్టేషన్‌కి నేనే తోడొస్తాను."

యజమాని సరేనని ఫైళ్ల కాపీ ఇప్పించారు.

సమ్రీన్ కోడ్ దించి బిల్డ్ మొదలుపెట్టింది. తెర మీద అక్షరాలు వరసగా పరుగెత్తాయి. సగంలో టక్కున ఆగి ఎర్ర అక్షరాలు పడ్డాయి. చరణ్‌తేజ నవ్వేశాడు.

"ఆగడం మామూలేనండి," అంది సమ్రీన్, తల తిప్పకుండానే. "ఎందుకాగిందో అదే చెప్తుంది." ఆ లైను చదివి, లోపించిన కోడ్ ముక్కేదో తెచ్చి పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. ఇంకోచోట ఆగింది. అదీ సరిచేసింది. ఆ పట్టుదల చూస్తుంటే నెహెమ్యాకి ముచ్చటేసింది. చరణ్‌తేజ కూడా నవ్వడం మానేసి తెర వైపు వంగాడు.

ఫ్యాన్ మోత అందుకోగానే ఎలిజబెత్ గారు అందరినీ చుట్టూ కూర్చోబెట్టారు.

"మా అత్తగారు గారెలు వేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నానండి. రుబ్బడం చూశాను, వేయించడం చూశాను. పప్పు ముందే నానబెట్టాలని మటుకు చూడలేదు. నా మొదటి గారె మా ఆయన పన్ను విరక్కొట్టింది. సమ్రీన్, వేరే ఫోల్డర్ సంగతి కంప్యూటర్‌కి ఎప్పుడు చెప్పావు?"

"మొదట్లో ఒక్కసారేనండి. కోడ్ మళ్లీ మొదట్నించీ దించితే తప్ప, తరవాత అదే గుర్తుపెట్టుకుంటుంది."

"కాబట్టి పక్కన కూర్చుని చూసినవాళ్లకి ఆ మెట్టు కనబడదు. ఆదివారం ఎవరో తమంతట తామే కోడ్ మొదట్నించీ దించి బిల్డ్ చేశారు. చోటు చెప్పకపోయేసరికి అది పోయి నీలందాని నెత్తిన కూర్చుంది. నీలం బొమ్మ నొక్కితే కొత్తది వచ్చింది. దాంట్లో డిజైన్లన్నీ తెరిచి సేవ్ చేశారు. చివరికి అది బిగుసుకుపోతే భయపడి, పాతదాన్ని మళ్లీ ఎక్కించారు. కొత్తదాంట్లో సేవ్ చేసినవి పాతదానికి అర్థం కావు. అంతే జరిగింది. నాశనం చెయ్యాలనుకున్నవాళ్లు ఫైళ్లే చెరిపేసేవారు, పాతది తెచ్చి పెట్టేవారు కాదు."

"ఎవరండీ వాళ్లు?" అన్నారు పట్టాభిరామయ్య గారు.

"అద్దం బటన్ ఎర్రదాంట్లోనే ఉంది. అది నీలం దాంట్లో కనబడింది ఆ ఒక్క ఆదివారమే. నీలంలో అద్దం నొక్కితే బిగుసుకుపోతుందని ఇందాక నాతో ఒక్కరే చెప్పారు."

అందరి చూపులూ ఒక్కసారే నెల్సన్ గారి మీదికి తిరిగాయి.

"అవన్నీ నా చేత్తో వేసినవేనండి," అన్నారు. "మూల గీస్తే తివాచీ అంతా విచ్చుకుంటుంటే... నావి ఒక్కోటీ అలా చూసుకోవాలనిపించింది. నా కూతురీడు పిల్లని నేర్పమని అడగడానికి నోరు రాలేదు. ఎర్రది తెరిస్తే తనకి తెలిసిపోతుందని నేనే వేరుగా బిల్డ్ చేసేను. తరవాత నిజం చెప్పడానికీ రాలేదు."

అంతలో ఫ్యాన్ మోత తగ్గింది. సమ్రీన్ ఫైలు తెరిచింది. ఎర్రంచు, నడుమ నీలిపువ్వు, ఒక్క ముడి కూడా చెక్కుచెదరని తివాచీ తెరనిండా పరుచుకుంది. తరవాతదీ తెరుచుకుంది, ఆ తరవాతదీ. పట్టాభిరామయ్య గారు కళ్లు తుడుచుకుని, మగ్గాలు ఆడించమని కేకేశారు. చరణ్‌తేజ క్షమించమని గొణిగితే ఎవరికీ వినబడలేదు. ఎలిజబెత్ గారు ఇంకోసారి గట్టిగా చెప్పించారు.

సమ్రీన్ మాత్రం నెల్సన్ గారినే చూస్తోంది. ఇప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"అడిగితే నేర్పనా మాస్టారూ? నన్ను దోషిని చేస్తుంటే పక్కనే నిలబడి విన్నారు కదండీ!"

ఆయన రెండు చేతులూ జోడించారు.

"మా నాన్నగారికి మీరే చెప్పండి. నేను చెప్పను."

నెల్సన్ గారు లేచి గొడుగు తీసుకున్నారు. సమ్రీన్ నాన్నగారు ఇనాయతుల్లా ఇల్లు వీధి చివరే అయినా, గుమ్మం దాటడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఆయన మెట్లు దిగుతుంటే సమ్రీన్ కళ్లు తుడుచుకుని వెనకనుంచి పిలిచింది.

"చెప్పేక వెనక్కి రండి మాస్టారూ. మీరు చూడని ఆ మొదటి మెట్టు దగ్గర్నించి మొదలెడదాం. అప్పటిదాకా లాప్‌టాప్ ఆపను."