బతిమాలడం నేర్చిన యంత్రం

“గంజి తాగుతారా?” అని శుశ్రూషిక అడిగింది.

“ఆయ్, వద్దమ్మా,” అన్నాడు ముసలి బుల్లెబ్బాయి. యంత్రం ఛాతీ మీది సమ్మతిదీపం ఎర్రబడింది. అది మధ్యాహ్నపు గంజిగిన్నెతో సహా పక్క మంచానికి వెళ్లిపోయింది.

రాజమహేంద్రవరంలోని ఆ ఆసుపత్రి నర్సులను ఇళ్లకు పంపి, ఈ శుశ్రూషికలను తెచ్చి ఏడాదయింది. సూది గుచ్చితే నొప్పి తెలియనివ్వవు, అలసిపోవు, విసుక్కోవు. అంతవరకు ఎవరూ కాదనలేరు. రోగి మాటే శాసనమని వాటికి నేర్పారు. ఒకసారి వద్దంటే మళ్లీ అడగవు. మరి గోదావరి మనిషి ఎవడు మొదటిసారి అడగ్గానే చెయ్యి చాస్తాడు? ఒకటికి రెండుసార్లు బతిమాలించుకోకుండా విస్తరి ముందు కూర్చుంటే పరువేం కాను? ఆ మొహమాటంతోనే సగం వార్డు కడుపు మాడ్చుకుంటోంది. పైవాళ్లు మాత్రం రోగి ఇష్టాన్ని గౌరవిస్తున్నామని గొప్పలు పోతున్నారు.

యంత్రాలను కనిపెట్టుకుని ఉండడానికి మిగిల్చిన ఒకే ఒక్క నర్సు ఎస్తేరు. రోగులకు తను ఏదీ ఇవ్వకూడదని ఆంక్ష. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ముసలాయన చిక్కి శల్యమవుతుంటే చూస్తూ ఊరుకుంది. ఇవాళ ఒళ్లు మండిపోయింది. వెళ్లి గిన్నె లాక్కొచ్చింది.

“ఏంటండి బాబాయిగారూ, వద్దంటే వదిలేస్తాననుకున్నారా? పొద్దుట్నుంచి నేనూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మీరు తాగితేనేనండి నేను తినేది.”

“అయ్యో, అదేంటి తల్లీ! ఇలా తే,” అని ఆయన గటగటా తాగేశాడు.

గంట తిరక్కుండా, ఆమె తినడానికి కూర్చునేలోగానే, నిర్వాహకుడు హిమకర్ పిలిపించాడు. ఉద్యోగం ఊడిందనే అనుకుందామె. అతను నవ్వుతున్నాడు.

“అద్భుతమండి ఎస్తేరుగారూ! మీ మాటలు శుశ్రూషిక విని నేర్చుకుంది. సాయంత్రం నుంచి అన్నీ అలాగే అడుగుతాయి. ఇక మిమ్మల్ని శ్రమపెట్టం. రేపట్నుంచి రానక్కర్లేదు.”

“మా చేతిలో పని లాక్కున్నారు, నోరు మూసుకున్నాం. ఇప్పుడు నోట్లో మాట కూడా లాక్కుంటారా? ఆకలితో ఉండి అన్నానండీ ఆ మాట! దానికేం ఆకలుందని?”

“ఫలితం ఒకటే కదండీ,” అన్నాడు, సిగ్గన్నది లేకుండా.

సాయంత్రం అందరికీ చెప్పి వెళదామని ఆమె వార్డుకి వచ్చింది. శుశ్రూషిక బుల్లెబ్బాయి మంచం దగ్గరుంది.

“మీరు తాగితేనేనండి నేను తినేది,” అంటోంది, అచ్చం ఆమె గొంతుతో.

ఆయన నొచ్చుకుని గిన్నె ఖాళీ చేశాడు. తర్వాత అరటిపండొకటి తీసి దాని ముందుకు చాచాడు. “నేను తాగేశాను. మరి నువ్వు తిను.”

“నేను ఆహారం తీసుకోను.”

“మరి తింటానన్నావు?”

యంత్రం పక్క మంచానికి పోయి అదే మాట అంది. ఆ పక్క మంచం దగ్గరా అదే. ముసలాయన అన్నీ విన్నాడు.

ఎస్తేరు ఆయన దగ్గరికి వెళ్లి, ఆ పండు వలిచి అందించింది. “మీరు తినండి బాబాయిగారూ.”

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఇందాక నువ్వన్నదీ ఇలాంటిదేనా తల్లీ? నాచేత తాగించడానికి ఎవరో నేర్పిన మాటేనా?”

“కాదండీ, ఒట్టు...”

“వద్దు,” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అది మొహమాటం కాదని ఆమెకు తెలిసిపోయింది. అయినా మనసొప్పక బతిమాలబోయింది. ఆమె నోరు తెరిచేలోగా, అదే గొంతుతో ఆ మాటే అవతలి మంచం దగ్గర్నుంచి వినిపించింది. పొద్దుట్నుంచి మెతుకు ముట్టని మనిషి, వలిచిన పండు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.