చొల్లంగి అమావాస్య నాటి ఫొటో

చనిపోయింది మనిషి కాదు. అందుకే పోలీస్ స్టేషన్లో ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

మడ అడవి బురదలో బావురుపిల్లి పడి ఉంది. మెడలోని రేడియో కాలర్‌ను ఎవరో కత్తితో కోసేశారు. చేపలు పట్టుకుని బతికే ఆ పిల్లికి చట్టంలో పెద్దపులితో సమానమైన రక్షణ ఉంది. ఆ సంగతి చంపినవాడికి బాగా తెలుసు. తెలిసే చంపాడు.

"మూడు నెలల్లో ఇది అయిదోది," ఫోన్లో వన్యప్రాణి నేరాల నిఘా విభాగం చీఫ్ ఉదయభాస్కర్ పళ్ళు కొరికాడు. "ఆక్వారియెల్. పైకి పోర్టు కంపెనీ, లోపల విదేశీ ముఠా. పిల్లి ఉంటే పర్మిట్ రాదు. అందుకని పిల్లే లేకుండా చేస్తున్నారు. రేపు ప్రజాభిప్రాయ సేకరణ. ఒంటిగంటలోగా ఒక్క గట్టి ఆక్షేపణ రికార్డు కాకపోతే ఫైలు ఢిల్లీకి వెళ్ళిపోతుంది. నీ సెలవు క్యాన్సిల్. కొత్త పెళ్ళికూతురి వేషంలో వెళ్ళు."

"వేషమెందుకు సార్? అలాగే ఉన్నాను," అంది ఏజెంట్ సత్యశ్రీ. పెళ్ళయి పదహారో రోజు. పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది.

మర్నాడు పొద్దున్న రాజమండ్రిలో భర్త శ్యాంబాబు స్టీలు డబ్బా నిండా కాజాలు సర్దిచ్చి, "డబ్బా మాత్రం తిరిగి తేవాలండోయ్," అన్నాడు. ఆ మాటకు ద్వారపూడి దాటేదాకా ఆమెకు నవ్వు ఆగలేదు. మడ అడవి వాసన తగలగానే ఆ నవ్వు కోపంగా మారింది.

మడ ఒడ్డున ప్రజాభిప్రాయ సేకరణకి వేసిన షామియానా కింద జనం. వేదిక పక్కన నల్ల కళ్ళద్దాలు, పట్టుచీరలో సారిక. కంపెనీకి వన్యప్రాణి కన్సల్టెంట్. ముఠాలో ఉంటూనే మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్.

"గొట్టం కాజా ఉందాండి?" అంది సారిక దగ్గరికొచ్చి.

"లేదండి, మడతే."

కోడ్ సరిపోయింది. సారిక ఒక కాజా తీసుకుని, తను తెచ్చిన ఇంకొకటి డబ్బాలో అన్నిటికన్నా పైన పెట్టింది. దాని మడతలో గోరంత మెమరీ కార్డ్. ఆ మడలోనే తీసిన బావురుపిల్లుల అసలు ఫొటోలు అందులో ఉన్నాయి.

"ఏంటమ్మా, కొత్త పెళ్ళికూతురా? మాకు పెట్టవా?"

కంపెనీ లోకల్ మేనేజర్ వెంకటరాజు. సత్యశ్రీ మూత వేసేలోపే పైనున్న కాజా తీసి నోట్లో వేసుకున్నాడు. రెండు నమిలి గుటుక్కున మింగాడు.

"పాకం బాగా పట్టిందమ్మా!"

సారిక మొహం పాలిపోయింది.

పన్నెండూ యాభై ఎనిమిది. తెర మీద కంపెనీ రిపోర్టులోని ఎండిన బురద ఫొటో. కింద అక్షరాలు: జనవరి 18, ఉదయం 9.30. జంతుజాలం లేదు. అయిదు ప్రాణాలు తీసి ఎంత శుభ్రంగా రాశారు!

"ఇంకెవరైనా మాట్లాడతారా?" విచారణ అధికారి సంతకానికి పెన్ను తీశాడు.

"ఓ అయ్యగారూ!" చివరి వరసలోంచి పీతలు పట్టుకునే ఏసమ్మ లేచింది. "జనవరి పద్దెనిమిది ఆదివారమండి. ఆ పొద్దున్న ఆ బురద మీద నుంచే నావేసుకుని ఆరాధనకి వెళ్ళాను. నా గెడ కూడా నేలకి అందలేదు!"

"పొరపడ్డావమ్మా," అన్నాడు వెంకటరాజు.

"నేనా? ఆ రోజు చొల్లంగి అమావాస్యండీ బాబూ! జనమంతా నిండు పోటులో మునిగి స్నానాలు చేస్తే, మీ బురద ఒక్కటే తడవలేదేంటండి?"

షామియానా గొల్లుమంది. అమావాస్య పొద్దున్న పోటు వస్తుందని ఈ తీరంలో తెలియనివాళ్ళు లేరు. తెలియనిది విదేశంలో కూర్చుని తేదీ ఎంచుకున్నవాడికే.

"టైపింగ్ మిస్టేకండి," నసిగాడు వెంకటరాజు.

సత్యశ్రీ ఐడీ కార్డ్ తీసి, అటవీ సిబ్బంది బురదలోంచి తీసిచ్చిన తెగిన కాలర్‌ను బల్ల మీద విసిరింది. "ఇది కోసింది కూడా టైపింగ్ మిస్టేకేనా?"

సారిక కళ్ళద్దాలు తీసింది. "అది వేసవిలో, నీళ్ళు వెనక్కి తగ్గే పాటు సమయంలో తీసిన ఫొటో అండి. విదేశం నుంచి చెప్పిన ఆ తేదీని నా రిపోర్టులో వేయించింది ఈయనే."

అధికారి సంతకం మానేసి రాయడం మొదలుపెట్టాడు: తప్పుడు డేటా, ఆక్షేపణ నమోదు. సరిగ్గా ఒంటిగంట అయ్యేసరికి చుక్క పెట్టాడు. షామియానా బయట వెంకటరాజుకు బేడీలు పడ్డాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. మరి మెమరీ కార్డ్ భద్రమేనా?"

"భద్రమే సార్. వెంకటరాజు గారే స్వయంగా మోసుకొస్తున్నారు. డబ్బా మాత్రం నేను ఇంటికి తీసుకెళ్ళాలి."